మూడు గంటలయ్యేసరికి ఫ్లోర్ అంతా ఆవలింతలే: తప్పు గాలిదా, మాదా?

నీలికలువ | సోమవారం, ఉదయం 10:12
ఐదు నెలల కిందట మా ఆఫీసు కొత్త ఫ్లోర్‌కి మారింది. 500 చదరపు మీటర్లు, 60 మందిమి. కిటికీలన్నీ బిగించేసిన అద్దాలే, ఒక్కటీ తెరుచుకోదు. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి తలనొప్పి, కళ్లమంట, ఆవలింతలు. మొదట భోజనం చేసిన మత్తు అనుకున్నాం. కానీ సెలవు రోజున ఇంట్లో అదే తిండి తిన్నా ఇలా ఉండటం లేదు.
మెయింటెనెన్స్ వాళ్లని అడిగితే "ఏసీ 24లో పెట్టాం కదా మేడమ్, ఇంకేం కావాలి" అంటున్నారు. అడ్మిన్ పని నా నెత్తిన ఉంది కాబట్టి నా టేబుల్ మీద కంప్లైంట్లు పేరుకుపోతున్నాయి. సొంతంగా ఒక గాలి మీటర్ కొన్నాను. పొద్దున 9 గంటలకి, ఇంకా ఎవరూ రాకముందే, కార్బన్ డయాక్సైడ్ 4000 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి 4000) చూపించింది. భయం వేసింది. ఇది ప్రమాదమా?

డక్ట్_అన్న | సోమవారం, 10:40
టెన్షన్ పడకండి మేడమ్. ఖాళీ ఫ్లోర్‌లో 4000 రాదు. ఊపిరి వదిలే మనుషులే లేనప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? మీటర్ మీద గానీ డబ్బా మీద గానీ "ఎన్‌డీఐఆర్" అని ఉందేమో చూసి చెప్పండి. పొద్దున్నే నేల తుడుస్తారా?

నీలికలువ | సోమవారం, 11:05
ఎన్‌డీఐఆర్ అని ఎక్కడా లేదు. "ఈసీఓ2" అని ఉంది. అవును, ఎనిమిదిన్నరకి ఫినాయిల్ లాంటిది వేసి తుడుస్తారు. అదెలా కనిపెట్టారు?!

సంఖ్యాశాస్త్రి | సోమవారం, 11:31
ఆ "ఈ" అక్షరంలోనే ఉంది కథంతా. ఆ మీటర్ కార్బన్ డయాక్సైడ్‌ని కొలవదు. గాలిలోని రసాయనాల ఆవిరిని పసిగట్టి, దాన్నిబట్టి ఇంత ఉండొచ్చని ఒక అంకె ఊహించి చూపిస్తుంది. ఫినాయిల్, శానిటైజర్, సెంటు, ఏది తగిలినా అంకె పైకి లేస్తుంది. ఎన్‌డీఐఆర్ రకం వేరు. అది ఇన్‌ఫ్రారెడ్ కాంతిని గాలిలోంచి పంపి, కార్బన్ డయాక్సైడ్ అందులో ఎంత పీల్చుకుందో కొలుస్తుంది. కొంటే అదే కొనండి. కొన్నాక ముందు బయట, మనుషులకి దూరంగా పావుగంట ఉంచండి. 420 దగ్గర్లో చూపించాలి. నగరం నడిబొడ్డున కొంచెం ఎక్కువ రావచ్చు.

మూడు_షిఫ్టులు | సోమవారం, 12:02
ఎన్‌డీఐఆర్‌లోనూ ఒక మెలిక ఉంది, నేను దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నా. చాలా మీటర్లు తమంతట తామే సరిదిద్దుకుంటాయి. గత వారం రోజుల్లో కనిపించిన అతి తక్కువ అంకెనే బయటి గాలి అనుకుని, దాన్ని 400గా పెట్టుకుంటాయి. రాత్రి ఖాళీ అయ్యే ఆఫీసులో ఇబ్బంది లేదు. మాది రాత్రింబవళ్లు నడిచే ఆఫీసు, అతి తక్కువే 800 ఉంటుంది. మీటర్ దాన్ని 400 చేసేసుకుంది. ఆరు నెలలు మా గాలి అద్భుతం అనుకుంటూ బతికాం :)

బిల్డింగ్_బాబాయ్ | సోమవారం, 12:45
నేను బిల్డింగ్ నడిపేవాణ్ని, 22 ఏళ్లుగా ఇదే పని. మా వైపు మాట కూడా వినండి. మీటర్ జేబులో వేసుకుని అందరూ ఇన్‌స్పెక్టర్లు అయిపోయారు. 1000 దాటితే ఫోన్, 1100 అయితే మెయిల్. అసలు ఆ 1000 ఎక్కడిదో ఎవరైనా చెప్పగలరా? ఆష్రే (అమెరికాలోని ఏసీ, వెంటిలేషన్ ఇంజనీర్ల సంఘం) 62.1 ప్రమాణంలో కార్బన్ డయాక్సైడ్‌కి 1000 అనే పరిమితే లేదు. చదివి మాట్లాడండి.

సంఖ్యాశాస్త్రి | సోమవారం, 1:20
బాబాయ్ గారూ, ప్రమాణం గురించి మీరన్నది నిజమే. 1000 అనేది చాలా పాత అంకె. 1858లో మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ చెప్పాడు. ఆయన కూడా ఈ వాయువు విషమని అనలేదు. మనుషులున్న గది గాలి ఎంత పాతబడిందో చెప్పే గుర్తుగా వాడాడు. మనం బడిలో "బొగ్గుపులుసు వాయువు" అని చదువుకున్నది ఇదే.
ఇప్పటికీ దాని ఉపయోగం అంతే. కూర్చుని పనిచేసే మనిషి గంటకి సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మనిషికి సెకనుకి 10 లీటర్ల బయటి గాలి అందుతుంటే, లోపల అంకె బయటికన్నా 500 ఎక్కువ దగ్గర నిలబడుతుంది, అంటే 920. గాలి సగమైతే తేడా రెట్టింపు, 1420 అవుతుంది. మీటర్‌లో చూడాల్సింది ఆ తేడానే, గాలి వస్తోందో లేదో అందులో తెలిసిపోతుంది. 1000 దాటగానే సైరన్ మోగించక్కర్లేదు.

బిల్డింగ్_బాబాయ్ | సోమవారం, 1:34
ఇదీ మాటంటే. ఇలా చెప్తే ఒప్పుకుంటాను.

మొక్కల_పిచ్చి | సోమవారం, 2:10
ఇంత లెక్కలెందుకండీ? టేబుల్‌కో స్నేక్ ప్లాంట్ పెట్టండి. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని నాసానే చెప్పింది.

డా_నిదానం | సోమవారం, 2:48
మొక్కలు నాకూ ఇష్టమే, నా టేబుల్ మీద రెండున్నాయి. కానీ ఆ నాసా ప్రయోగం 1989 నాటిది, గాలి మారని మూసిన చిన్న పెట్టెల్లో చేశారు. అలాంటి ప్రయోగాలన్నిటినీ 2019లో ఇద్దరు పరిశోధకులు మళ్లీ లెక్కగట్టారు. మామూలు భవనంలో గాలి మార్పిడి చేసేంత పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అప్పుడు ఉద్యోగులు ఎక్కడ కూర్చుంటారు? కంటికి చల్లగా ఉంటాయని పెట్టుకోండి, చాలు. నీళ్లెక్కువై మట్టి బూజు పట్టకుండా చూసుకోండి.
నీలికలువ గారూ, నాది వృత్తి సంబంధ ఆరోగ్య వైద్యం కాబట్టి మూడు ప్రశ్నలు. బిల్డింగ్ దాటగానే తలనొప్పి తగ్గుతోందా? అందరికీ ఉందా, ఒక మూలన కూర్చున్నవాళ్లకే ఉందా? మీ కింద కార్ల పార్కింగ్ గానీ, పక్కనే జనరేటర్ గానీ ఉన్నాయా?
మూడోది ఎందుకంటే, కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరు. దానికి వాసన ఉండదు, మీ మీటర్ దాన్ని చూపించదు. పార్కింగ్ మీదున్న ఫ్లోర్‌లో ఒకేసారి నలుగురికి తలనొప్పి, వికారం వస్తే లెక్కలు వేస్తూ కూర్చోకూడదు. ముందు బయటికి నడవాలి.

నీలికలువ | సోమవారం, 4:30
ఒకటి: అవును, లిఫ్ట్ దిగి పావుగంట నడిస్తే తగ్గిపోతుంది. రెండు: దాదాపు అందరికీ ఉంది, మీటింగ్ రూమ్‌లో ఎక్కువసేపు కూర్చున్నవాళ్లకి మరీ ఎక్కువ. మూడు: మాది ఆరో అంతస్తు, పార్కింగ్ చాలా కింద. జనరేటర్ బిల్డింగ్ వెనక దూరంగా ఉంది. వికారం ఎవరికీ లేదు.
ఇంకో సంగతి. తూర్పు మూలలో నలుగురికి మాత్రం సోమవారం పొద్దున కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తోందట. మధ్యాహ్నానికి పోతుంది. ఇవాళ కూడా వచ్చింది.

డక్ట్_అన్న | సోమవారం, 4:52
ఆ వాసన గుట్టు చెప్పేస్తా. ఆ మూల దగ్గర టాయిలెట్ గానీ, ఎవరూ వాడని ప్యాంట్రీ సింక్ గానీ ఉండాలి. నేల మీద నీళ్లు పోయే జాలీ కింద వంపు తిరిగిన గొట్టం ఉంటుంది, అందులో నిలిచిన నీళ్లే డ్రైనేజీ గాలిని ఆపుతాయి. శని, ఆదివారాలు ఎవరూ నీళ్లు పోయరు, ఆ నీళ్లు ఆరిపోతాయి, దాంతో డ్రైనేజీ గాలి ఆఫీసులోకి వచ్చేస్తుంది. శుక్రవారం సాయంత్రం ఒక బకెట్ నీళ్లు పోయించి చూడండి. మిగతా ఆవలింతల సంగతి వేరే, అది తాజా గాలి గొడవే.

కొత్తగా_వచ్చా | మంగళవారం, 9:15
మా మేనేజర్ ఇదే సమస్యకి ఆరు ఎయిర్ ప్యూరిఫయర్లు తెప్పించాడు. కార్బన్ డయాక్సైడ్ ఒక్క అంకె కూడా తగ్గలేదు. మోసపోయామా?

సంఖ్యాశాస్త్రి | మంగళవారం, 9:50
మోసమేం లేదు, మందు మంచిదే, రోగం వేరు. ప్యూరిఫయర్‌లో ఉండే హెపా ఫిల్టర్ ధూళిని పడుతుంది, వాయువుని పట్టదు. బయట పొగ, దుమ్ము ఎక్కువుంటే ప్యూరిఫయర్ బంగారంలా పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 అనే సన్న ధూళికి ఏడాది సగటు ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు, ఒక రోజుకి 15 అని చెప్పింది. బయటి గాలి దానికి ఎన్నో రెట్లుంటే, ఊరికే కిటికీ తెరిచి ఊపిరి పీల్చుకోమనడం కూడా తప్పే. బయటి గాలి రావాలి, అది ఫిల్టర్ దాటి రావాలి. రెండూ కావాలి.
ఉన్నవాటిని వాడుకోండి. ప్యూరిఫయర్ మీద సీఏడీఆర్ అని ఉంటుంది, అది ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే అంకె. అది గంటకి 300 ఘనపు మీటర్లయితే, 60 ఘనపు మీటర్ల గదిలో గంటకి ఐదుసార్లు గాలిని వడకట్టినట్టు. సోఫా వెనక దాచకుండా పెట్టండి. "అయాన్", "ఓజోన్" బటన్ ఉంటే ఆపేయండి. ఓజోన్ ఊపిరితిత్తులకి మంటపెడుతుంది, పైగా నిమ్మవాసన స్ప్రేలతో కలిసి ఫార్మాల్డిహైడ్ పుట్టిస్తుంది.

నీలికలువ | బుధవారం, 8:05
ఎన్‌డీఐఆర్ మీటర్ వచ్చింది. బయట 431. మంగళవారం మా ఫ్లోర్ మధ్యలో: 9 గంటలకి 480, పన్నెండుకి 1400, నాలుగింటికి 1900. మీటింగ్ రూమ్‌లో పది మంది గంటసేపు కూర్చుంటే 2900! ఆరున్నరకి అందరూ వెళ్లిపోయారు, నేను ఒక్కదాన్నే కాసేపు ఉన్నాను. ఏసీ నడుస్తూనే ఉంది. ఆరున్నరకి 1900, ఏడున్నరకి 1310.

సంఖ్యాశాస్త్రి | బుధవారం, 8:40
ఆ చివరి రెండు అంకెలే అసలు నిధి! మనుషులు వెళ్లాక అంకె ఎంత వేగంగా పడుతోందో చూస్తే గాలి ఎంత మారుతోందో తెలుస్తుంది. బయటి 420 తీసేస్తే 1480 నుంచి గంటలో 890కి వచ్చింది. నిష్పత్తి 1.66, దాని సహజ లాగరిథం 0.51. అంటే మీ ఫ్లోర్‌లో గంటకి సగం గాలి మాత్రమే మారుతోంది. ఎత్తు 2.7 మీటర్లనుకుంటే మొత్తం 1350 ఘనపు మీటర్లు, అందులో సగం 690 దాకా. 60 మందికి పంచితే మనిషికి సెకనుకి 3.2 లీటర్లు.
ఆష్రే లెక్కలో ఆఫీసుకి మనిషికి 2.5 లీటర్లు, దానికి తోడు చదరపు మీటరుకి 0.3 లీటర్లు. మీకు 150, ఇంకో 150, మొత్తం సెకనుకి 300 లీటర్లు కావాలి. వస్తున్నది 190. ఆ 300 కూడా కనీస కొలతే, హాయిగా ఉండే కొలత కాదు.
మీటింగ్ రూమ్ సంగతి చూడండి. 60 ఘనపు మీటర్ల గదిలో పది మంది తలుపేసుకుంటే, గాలి అసలు రాకపోతే, ఇరవై నిమిషాలకోసారి వెయ్యి పెరుగుతుంది. ఆ రూమ్‌లో నిర్ణయాలు తీసుకుంటున్నారంటే దండం పెట్టాలి.

డా_నిదానం | బుధవారం, 9:30
ఆ చివరి వాక్యం సరదాకే అయినా ఒక మాట. 2012లో 22 మంది మీద చేసిన ప్రయోగంలో 1000, 2500 దగ్గర నిర్ణయాలు తీసుకునే శక్తి తగ్గినట్టు కనిపించింది. 2016లో ఇంకో బృందానికీ అలాంటి ఫలితమే వచ్చింది. అలాంటి తేడా కనిపించని ప్రయోగాలూ ఉన్నాయి. కాబట్టి "1900 వల్లే బుద్ధి మందగించింది" అని మెయిల్‌లో రాయకండి, వాదనలో ఇరుక్కుంటారు. "గాలి మార్పిడి కనీస కొలత కన్నా తక్కువగా ఉంది" అని రాయండి. దాన్ని ఎవరూ కాదనలేరు. గాలి మారనప్పుడు ఫర్నిచర్ జిగురు, కార్పెట్, పెయింట్ల ఆవిరి కూడా అక్కడే తిరుగుతుంది, ఫ్లోర్ కొత్తదైతే మరీను. పక్కవాడి దగ్గు కూడా.

బిల్డింగ్_బాబాయ్ | బుధవారం, 10:15
సరే, ఇప్పుడు లోపలి మాట చెప్తాను. తాజా గాలి దారిలో ఉండే రేకు తలుపుని, అదే డ్యాంపర్‌ని, ఎందుకు మూస్తారో తెలుసా? బయటి గాలిలోని తేమని పిండటానికే బోలెడు కరెంటు పోతుంది. ఇది ఇవాళ్టిది కాదు. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1981లో ఆష్రే కూడా పొగతాగని ఆఫీసుకి మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగులకి తగ్గించేసింది. ఆ తర్వాత బిల్డింగుల్లో జనం మూకుమ్మడిగా జబ్బుపడుతుంటే 1989లో ఆఫీసులకి 20కి పెంచారు. నేను పనిలో చేరినప్పుడు మా పెద్దాయన నేర్పిన మొదటి పాఠం "బిల్లు ఎక్కువొస్తే డ్యాంపర్ మూసెయ్". తప్పే. ఒప్పుకుంటున్నాను.
మీ వాళ్లని "గాలి బాలేదు" అని అడగొద్దు, "24 పెట్టాం" అంటారు. "మా ఫ్లోర్ ఏహెచ్‌యూకి ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ ఎంత తెరిచి ఉంది, నాకు చూపించండి" అనండి. కంప్యూటర్ స్క్రీన్ మీద కాదు, ప్లాంట్ రూమ్‌కి, అంటే గాలిని చల్లబరిచి పంపే ఆ ఏహెచ్‌యూ యంత్రం ఉండే గదికి, వెళ్లి కంటితో చూడండి.

డక్ట్_అన్న | బుధవారం, 10:22
+1. స్క్రీన్ మీద 30 శాతం ఓపెన్, పైకెళ్లి చూస్తే కడ్డీ ఊడి వేలాడుతుంది. మోటార్ తిరుగుతుంది, రేకు కదలదు. నేను ఇలాంటివి లెక్కలేనన్ని చూశా. ఇంకా చూడాల్సినవి: ఫిల్టర్ ఫ్రేమ్ పక్క సందులు (సందు ఉంటే మెర్వ్ 13 లాంటి మేలు రకం ఫిల్టర్ వేసినా గాలి పక్కనుంచే పోతుంది), గాలిని చల్లబరిచే కాయిల్ కింద నీళ్ల ట్రే, బయటి గాలి పీల్చే నోరు ఎక్కడుందో. ఒక చోట ఆ నోరు లారీలు సరుకు దింపే చోటుకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఇంజిన్ ఆపని ప్రతి లారీ పొగా మూడో అంతస్తుకే.
మామూలు స్ప్లిట్ ఏసీలున్న వాళ్లకి: మీకు డ్యాంపర్ గొడవే లేదు, ఎందుకంటే తాజా గాలే లేదు. స్ప్లిట్, క్యాసెట్ రెండూ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తాయి. చల్లగా ఉంది కదా అని గాలి మంచిదనుకుంటారు.

నీలికలువ | శుక్రవారం, 6:40
ప్లాంట్ రూమ్‌కి వెళ్లాను! ముందు వద్దన్నారు, సంఖ్యాశాస్త్రి గారి లెక్క ప్రింట్ తీసి చూపిస్తే తాళం ఇచ్చారు. డక్ట్ అన్న చెప్పినట్టే ఉంది: స్క్రీన్ మీద 40 శాతం, లోపల రేకు పూర్తిగా మూసే ఉంది, కడ్డీ బోల్టు లేదు. నాకు చూపించిన టెక్నీషియన్ కూడా నోరెళ్లబెట్టాడు. అరగంటలో బిగించేశాడు. ఫిల్టర్లు మాత్రం బొంతల్లా ఉన్నాయి, సోమవారం మారుస్తారట.
తూర్పు మూల జాలీలో ఇప్పుడే బకెట్ నీళ్లు పోయించాను.

బిల్డింగ్_బాబాయ్ | శుక్రవారం, 7:05
మీకు సలాం. ఒక హెచ్చరిక. ఇన్నాళ్లూ మూసి ఉన్న డ్యాంపర్‌ని ఒక్కసారి తెరిస్తే తేమ దూసుకొస్తుంది. రాత్రి ఏసీ ఆపినప్పుడు డ్యాంపర్ కూడా మూసుకోవాలి. పొద్దున జనం రావడానికి గంట ముందే రెండూ మొదలవ్వాలి. లోపలి తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి.

నీలికలువ | తర్వాతి మంగళవారం, 5:15
బాబాయ్ గారూ, మీ నోటి వాక్కు. సోమవారం పొద్దున తేమ 71 శాతం, రిసెప్షన్ పైన ఏసీ గ్రిల్ నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు. వారాంతమంతా డ్యాంపర్ తెరిచే వదిలేశారు. ఇప్పుడు టైమర్ సరిచేశారు, ఇవాళ 57. తడిసిన సీలింగ్ పలకలు రెండూ అదే రోజు తీయించేశాను.

డా_నిదానం | మంగళవారం, 5:40
తీయించి మంచి పని చేశారు. తడిసినది 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. పైన రంగు వేసి కప్పేసే వాళ్లే ఎక్కువ.

నీలికలువ | మంగళవారం, 6:10
ఇవాళ్టి అంకెలు: నాలుగింటికి ఫ్లోర్ మధ్యలో 1050. మూడు గంటల ఆవలింతలు పూర్తిగా పోలేదు గానీ తలనొప్పి మాత్రలు అడిగేవాళ్లు తగ్గారు. సోమవారం కోడిగుడ్ల వాసన రాలేదు, ఒక్క బకెట్ నీళ్లకే!
కానీ మీటింగ్ రూమ్ ఇంకా మొండికేస్తోంది. పది మంది, గంటసేపు, 2100. తలుపు తెరిచి పెడితే 1300. తలుపు కింద ఒక అంగుళం కోయించనా?

డక్ట్_అన్న | మంగళవారం, 6:25
కోసేముందు ఒకటి చూడండి. గాలి లోపలికి రావాలంటే లోపలున్నది బయటికి పోవాలి కదా. ఆ రూమ్ నుంచి గాలి వెనక్కి వెళ్లే గ్రిల్ ఎక్కడుంది? సీలింగ్‌లోనో, గోడ మీద పైనో ఉండాలి. టిష్యూ కాగితం పట్టి చూడండి, గ్రిల్‌కి అతుక్కోవాలి.

నీలికలువ | మంగళవారం, 6:50
గ్రిల్ ఉంది. గోడ మీద, పైన. దాని మీద సరిగ్గా సరిపోయేలా ప్రొజెక్టర్ స్క్రీన్ బిగించారు. బిగించమని సంతకం పెట్టింది నేనే.